రెండు చిన్న ఫ్లాట్లు ఒకే ఇల్లు కావాలంటే: ఏ దారి ఎవరికి సరిపోతుంది

హైదరాబాద్‌లో చిక్కడపల్లి, అమీర్‌పేట, వనస్థలిపురం వైపు, విజయవాడలో మొగల్రాజపురం, విశాఖలో సీతమ్మధార వైపు పాత అపార్ట్‌మెంట్లలో ఆరువందల నుంచి వెయ్యి చదరపు అడుగుల ఫ్లాట్లు ఎక్కువగా కనిపిస్తాయి. పిల్లలు పెద్దవాళ్లయి, అమ్మానాన్నలు ఊరు వదిలి వచ్చి ఉండవలసిన రోజు వచ్చేసరికి ఆ ఇల్లు ఇరుకవుతుంది. అదే సమయంలో పక్క ఫ్లాటువారు అమ్మకానికి పెడితే, బడీ ఆఫీసూ తెలిసిన డాక్టరూ అన్నీ దగ్గరగా ఉన్న చోటు వదిలి ఊరి చివరి కొత్త టవర్‌కు వెళ్లడం కంటే, ఆ ఫ్లాటు కొని రెండూ కలుపుకోవడమే మేలనిపిస్తుంది. అయితే కలపడం అన్నది ఒకే పని కాదు. గోడ ముట్టుకోకుండా రెండిళ్లనూ వాడుకోవడం, గోడలో ఒక్క ద్వారం మాత్రం పెట్టడం, గోడ తీసేసి పూర్తిగా ఒకటి చేయడం, పై ఫ్లాటును కింది ఫ్లాటుతో మెట్లతో కలపడం అని నాలుగు దారులున్నాయి. ఈ నాలుగూ వద్దనుకున్నవారికి ఉన్నది అమ్మి పెద్దది కొనుక్కోవడం ఐదో దారి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఎక్కువమందికి రెండో దారి, అంటే ఒక్క ద్వారం, సరిపోతుంది. రేపు అవసరం మారితే మళ్లీ ఇటుక పేర్చి మూసుకోగలిగిన పని అదొక్కటే. అది సరిపోని సందర్భాలూ ఉన్నాయి, వాటిని గుర్తించడానికి ముందు ఏమేం చూడాలో తెలియాలి.

ముందుగా చూడవలసినవి

మొదటిది, మధ్య గోడ ఎలాంటిది అన్న ప్రశ్న. పాత అపార్ట్‌మెంట్లలో బరువును మోసేవి పిల్లర్లు, బీములు. వాటి మధ్య ఇటుక గోడలు కేవలం అడ్డుగోడలు. రెండు ఫ్లాట్ల మధ్య గోడ సాధారణంగా తొమ్మిది అంగుళాలది, ఇంటి లోపలి అడ్డుగోడలు నాలుగున్నర అంగుళాలవి. ఇలాంటి కట్టడంలో ఇటుక గోడకు ద్వారం పెట్టవచ్చు, కానీ పిల్లరునూ బీమునూ ఉలితో తాకకూడదు. మరీ పాత, రెండంతస్తుల లేదా మూడంతస్తుల ఇళ్లలో గోడలే స్లాబును మోస్తూ ఉండవచ్చు. ఇక ఈ మధ్య కడుతున్న టవర్లలో అల్యూమినియం ఫార్మ్‌వర్క్‌తో, వ్యవహారంలో మైవాన్ అంటున్న పద్ధతిలో, గోడలన్నీ ఇనుము వేసిన కాంక్రీటుతోనే పోస్తారు. అక్కడ ప్రతి గోడా బరువు మోసేదే కాబట్టి గోడకు రంధ్రం చేయాలన్న ఆలోచననే వదులుకోవాలి. బిల్డరు ఫ్లాటు అప్పగించిన నాటి నుంచి ఐదేళ్లలోపు నిర్మాణ లోపాలు బయటపడితే సరిచేయవలసిన బాధ్యత 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం అతనిదే. ఆ గడువులో గోడ కోసిన ఇంటివారికి, పగుళ్లు మీరు కోయించినందువల్లే వచ్చాయని అనే అవకాశం అతనికి చేతికిచ్చినట్టవుతుంది.

గోడను మేస్త్రీ తట్టి చూసి చెప్పే మాట మీద ఆధారపడవద్దు. అపార్ట్‌మెంటు సంఘం దగ్గర స్ట్రక్చరల్ డ్రాయింగులు ఉంటే అవి తీసుకుని, లేకపోతే లేకుండానే, ఒక స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిపించి చూపించాలి. ఆయనకిచ్చే ఫీజు మొత్తం ఖర్చులో అన్నింటికంటే చిన్న పద్దు. 2016 నాటి భూకంప ప్రమాణంలో హైదరాబాద్, విశాఖ రెండో జోన్‌లో, విజయవాడ మూడో జోన్‌లో ఉన్నాయి కనుక విజయవాడవారు ఈ విషయంలో ఇంకొంచెం పట్టుదలగా ఉండాలి.

రెండోది, ఆ గోడకు అటూ ఇటూ ఏ గదులున్నాయన్నది. దీన్ని కొనేముందు ఎవరూ సరిగా చూడరు, కానీ ఇల్లు బాగుంటుందా లేదా అన్నది తేలేది ఇక్కడే. ఒకే ప్లానును అద్దంలో చూసినట్టు తిప్పి కట్టిన ఫ్లాట్లలో రెండు హాళ్లూ ఒకే గోడకు అటూ ఇటూ పడితే అదృష్టమే: ద్వారం పెడితే చాలు, విశాలమైన కుటుంబ గది వచ్చేస్తుంది. అదే తిప్పుడు ప్లానులో, పైపులు ఒకే డక్టులోంచి (పైపుల కోసం వదిలే నిలువు సందు) వెళ్లాలని వంటగది పక్కన వంటగది, బాత్‌రూమ్ పక్కన బాత్‌రూమ్ పెట్టి ఉంటే, ఆ గోడలో నీటి పైపులూ మురుగు పైపులూ ఉంటాయి కాబట్టి ద్వారానికి చోటే ఉండదు. ఒకే ప్లాను పక్కపక్కనే వరుసగా కట్టినప్పుడు ఒకరి హాలు పక్కన మరొకరి బెడ్‌రూమ్ పడుతుంది. ఆ బెడ్‌రూమ్‌లోంచి నడిచి మిగిలిన ఇంట్లోకి వెళ్లవలసి వస్తుంది గనుక అది గదిగా మిగలదు, నడవా అయిపోతుంది. రెండు రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్లు కలిస్తే నాలుగు బెడ్‌రూమ్‌ల ఇల్లు వస్తుందని లెక్క వేసుకున్నవారికి చివరకు మూడు బెడ్‌రూమ్‌లూ, ఒక పెద్ద హాలూ, దేనికీ సరిపోని ఒక మూలా మిగులుతాయి.

మూడోది దస్తావేజులూ అప్పులూ. రెండు ఫ్లాట్లకు రెండు రిజిస్ట్రేషన్లు, భూమిలో రెండు అవిభక్త వాటాలు, రెండు ఆస్తి పన్ను సంఖ్యలు, రెండు కరెంటు సర్వీసులు ఉంటాయి. గోడ తీసినంత మాత్రాన ఇవి కలిసిపోవు. బ్యాంకులో తనఖా ఉన్న ఫ్లాటు అయితే బ్యాంకు అనుమతి లేకుండా దాని స్వరూపం మార్చకూడదు. రెండు ఫ్లాట్లూ రెండు వేర్వేరు బ్యాంకుల్లో తనఖా ఉంటే, ఇద్దరి హద్దూ ఒకే గోడ అవుతుంది. తర్వాత అమ్మినప్పుడు కొనేవాడి బ్యాంకు నుంచి వచ్చే వాల్యుయర్ (ఇంటికి విలువ కట్టే మనిషి) మంజూరైన ప్లానుతో ఇంటిని సరిపోల్చి చూస్తాడు. అక్కడ ప్లానులో వంటగది ఉండి ఇంట్లో లేకపోతే ప్రశ్నలు మొదలవుతాయి.

నాలుగోది, తిరిగి విడదీయగలగడం. పాత పేటల్లో రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాటుకు కొనేవాళ్లూ, అద్దెకు అడిగేవాళ్లూ ఎప్పుడూ ఉంటారు. అదే అపార్ట్‌మెంటులో పద్ధెనిమిది వందల అడుగుల అతుకుల ఇంటికి అంత డబ్బు పెట్టగలిగినవారు కొత్త భవనాల వైపే చూస్తారు. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో రేపు పంపకాలకూ రెండు ఫ్లాట్లు రెండుగా ఉండడమే సులువు.

వాస్తు సంగతి ఎత్తకుండా మన వాళ్ల ఇల్లు ఒక్కటీ పూర్తికాదు. రెండు ఫ్లాట్లకు రెండు సింహద్వారాలుంటాయి. కలిపాక ఏది అసలుదో తేల్చాలి. ఇల్లు పెద్దదైనకొద్దీ ఈశాన్యమూ ఆగ్నేయమూ జరుగుతాయి, ఒక ఫ్లాటులో సరిగ్గా ఆగ్నేయంలో ఉన్న వంటగది కలిపిన ఇంట్లో దక్షిణం మధ్యకు వచ్చేయవచ్చు. వాయవ్యంలో వంట చేసుకోవచ్చని చాలామంది ఒప్పుకుంటారు కాబట్టి రెండు వంటగదుల్లో ఏదో ఒకటి సాధారణంగా కుదురుతుంది. నమ్మకం ఉన్నా లేకపోయినా నా సలహా ఒకటే: ముందు ఇంజినీరును పిలవండి, తర్వాత సిద్ధాంతిని. వాస్తులో ప్రత్యామ్నాయాలు దొరుకుతాయి, బీముకు దొరకవు.

గోడ ముట్టకుండా రెండిళ్లూ ఉంచుకోవడం

వృద్ధులైన తల్లిదండ్రుల కోసం పక్క ఫ్లాటు కొంటున్నవారికి నిజానికి ఇదే మంచి ఏర్పాటు కావచ్చు. వాళ్ల టీవీ, వాళ్ల పూజ, వాళ్ల వంట వాళ్లవే. మీరు రెండడుగుల దూరంలో ఉంటారు. ఖర్చు దాదాపు ఉండదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. లోపమల్లా రాత్రివేళ ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే రెండు తాళాలు తీసుకుని వరండాలోంచి వెళ్లవలసి రావడమే.

ఎదురెదురు ఫ్లాట్లయినప్పుడు కొందరు మధ్యలోని వరండాకు గ్రిల్లు పెట్టి, తాళం వేసి, రెండింటినీ కలిపేశామంటారు. ఇది కలపడం కాదు, ఆక్రమణ. వరండా, మెట్లు, లిఫ్టు ముందరి చోటు ఉమ్మడి ఆస్తి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింట్లోనూ వర్తించే 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం దాన్ని ఎవరూ విడదీసి సొంతం చేసుకోలేరు. అగ్నిప్రమాదం జరిగితే మిగిలినవాళ్లు బయటపడవలసిన దారి కూడా అదే.

గోడలో ఒక్క ద్వారం

పక్కపక్క ఫ్లాట్లు, ఇటుక గోడ, అటూ ఇటూ హాలు గానీ హాలూ బెడ్‌రూమూ గానీ ఉంటే ఇది చేయదగ్గ పని. మూడున్నర అడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు చాలు. ముందుగా గోడకు రెండు వైపులా పైనున్న స్లాబుకు సపోర్టులు పెట్టి, ద్వారం పైభాగాన లింటెల్ (అడ్డంగా వేసే కాంక్రీటు దూలం) గానీ ఉక్కు ఛానెల్ గానీ అమర్చి, అది రెండు వైపులా గోడ మీద కనీసం ఆరు నుంచి తొమ్మిది అంగుళాలు ఆనేలా చూసి, ఆ తర్వాతే కింది ఇటుకలు తీయాలి. పెద్ద సుత్తితో కొట్టే మేస్త్రీ కంటే డైమండ్ కట్టర్‌తో కోసే మనిషి ఎక్కువ అడిగినా అతన్నే పిలవండి. కింది ఇంటివాళ్ల గోడలో పగుళ్లు రాకుండా ఉంటాయి.

గోడ తెరిచాక బయటపడే చిన్న చికాకు నేల ఎత్తు. ఇద్దరు యజమానులు వేర్వేరు కాలాల్లో టైల్స్ మార్పించి ఉంటారు కనుక అర అంగుళం నుంచి రెండు అంగుళాల తేడా తరచుగా ఉంటుంది. ఆ తేడాను గడపలో దాచవచ్చు గానీ, నడక కష్టమైన పెద్దవారు ఇంట్లో ఉంటే చిన్న ఏటవాలు చేయించడం మంచిది. ఒక పక్క నేలంతా ఎత్తి సమం చేద్దామని మాత్రం అనుకోకండి. నలభై మిల్లీమీటర్ల మాలు, దాని మీద టైల్ కలిస్తే చదరపు మీటరుకు దాదాపు వంద కిలోలు అవుతుంది. నివాస గదుల స్లాబుకు భారతీయ ప్రమాణంలో లెక్కలోకి తీసుకునే మనుషులూ సామానూ కలిపిన బరువు సుమారు రెండువందల కిలోలే, అందులో సగం అక్కడికక్కడే ఖర్చయిపోతుంది.

కరెంటు విషయంలో రెండు సర్వీసులనూ రెండుగానే ఉంచి, ఒక ఇంటి వైరు మరో ఇంటి గదిలోకి లాగకుండా చూడాలి. పక్క ఫ్లాట్లకు వేర్వేరు ఫేజుల నుంచి లైను ఇచ్చి ఉంటే, ఆ రెండింటి మధ్య 415 వోల్టుల తేడా ఉంటుంది. న్యూట్రళ్లు కలిసినా ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంచే స్విచ్చు) ఊరికే పడిపోతూ ఉంటుంది. ఇంకో కారణం బిల్లు. తెలంగాణలో 2022-23 టారిఫ్ లెక్కన రెండు మీటర్ల మీద నెలకు చెరి 180 యూనిట్లు కాలిస్తే, ఫిక్స్‌డ్ ఛార్జీలు కాక, ఒక్కొక్కటి 724 రూపాయలు, రెండూ కలిసి 1,448. అదే 360 యూనిట్లు ఒకే మీటరు మీద కాలిస్తే శ్లాబు మారిపోయి 2,330 అవుతుంది. అయితే రెండు సర్వీసులూ ఒకే పేరు మీద ఉండి, గోడ పూర్తిగా పోయి, ఒకే ఆవరణలా కనిపిస్తే విద్యుత్ సంస్థ రెండు సర్వీసులనూ కలపమని అడగవచ్చు. తలుపు పెట్టిన రెండు ఇళ్లకు ఆ ఇబ్బంది తక్కువ.

రెండో వంటగదిని ఏం చేయాలన్నది మిగులుతుంది. బట్టలుతికే చోటుగానో, చిన్న ఆఫీసు గదిగానో మార్చుకోండి గానీ నీటి పాయింట్లనూ డ్రెయిన్‌నూ పూడ్చకుండా మూతలు వేసి ఉంచండి. రేపు అద్దెకివ్వాలన్నా, ఒక ఫ్లాటును అమ్మాలన్నా అవే ఆదుకుంటాయి.

గోడ తీసేసి పూర్తిగా ఒకటి చేయడం

పదిహేనేళ్లో అంతకంటే ఎక్కువో ఇక్కడే ఉంటామన్న నమ్మకం ఉన్నవారికీ, ఆరువందల అడుగుల రెండు ఒంటి బెడ్‌రూమ్ ఫ్లాట్లు ఉన్నవారికీ ఇది అర్థవంతంగా ఉంటుంది. అంత చిన్న ఇళ్లలో రెండు హాళ్లు విడివిడిగా ఉంటే ఏదీ హాలులా ఉండదు. మధ్య గోడ మీద బీము ఉన్నచోట గోడ మొత్తం తీసినా బీమూ పిల్లర్లూ కనిపిస్తూనే ఉంటాయి, వాటిని దాచాలని ఫాల్స్ సీలింగు దింపితే తొమ్మిదిన్నర అడుగుల గది ఇరుకు గుహలా తయారవుతుంది.

ఈ దారిలో చాలామంది పొరపడేది బాత్‌రూమ్‌ల విషయంలో. పాత అపార్ట్‌మెంట్లలో మన బాత్‌రూమ్ మురుగు పైపులు కింది ఇంటివారి బాత్‌రూమ్ సీలింగు కింద వేలాడుతూ ఉంటాయి, లేదా కిందికి దించి పోసిన పల్లపు స్లాబులో ఇటుక ముక్కల కింద ఉంటాయి. నాలుగంగుళాల పైపుకు వాలు కావాలి కనుక కమోడ్‌ను డక్టుకు దూరంగా జరపడం కుదరదు. బాత్‌రూమ్ ఉన్నచోటే ఉంచండి, మిగిలిన ఇంటిని దాని చుట్టూ అమర్చుకోండి. వాటర్‌ప్రూఫింగ్ చేయించాక టైల్స్ వేసేముందు నలభై ఎనిమిది గంటలు నీళ్లు నిలిపి, కింది ఇంటివారిని పిలిచి వాళ్ల సీలింగు చూపించి, ఫొటో తీసి ఉంచుకోండి. అపార్ట్‌మెంట్లలో ఎక్కువ తగాదాలు ఊట నీళ్ల దగ్గరే మొదలవుతాయి.

దస్తావేజుల్లో రెండు ఫ్లాట్లుగానే ఉంచడం ఇక్కడ కూడా మంచిదని నా ఉద్దేశం. ఒక మినహాయింపు ఉంది. పాత ఇల్లో స్థలమో అమ్మిన లాభంతో రెండు ఫ్లాట్లు కొని మూలధన లాభాల పన్నులో మినహాయింపు కోరేవారి సంగతి వేరు. పక్కపక్క ఫ్లాట్లు రెండూ ఒకే నివాసమైతే మినహాయింపు ఇవ్వవచ్చని 2013లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒప్పుకుంది. కానీ 2014 బడ్జెట్‌లో చట్టంలోని మాటే ‘ఒకే ఒక్క నివాస గృహం’ అని మారింది. అప్పటి నుంచి రెండూ నిజంగానే ఒకే ఇల్లుగా వాడుతున్నారని చూపించవలసిన భారం మరింత పెరిగింది. ఈ లాభం ఆశించేవారికి ఒక్క ద్వారం సరిపోకపోవచ్చు, ఒకే వంటగది, ఒకే ఇల్లు అన్నది కంటికి కనిపించాలి. రిజిస్ట్రేషన్‌కు ముందే ఆడిటరుతో మాట్లాడాలి.

పై ఫ్లాటుతో డూప్లెక్స్

లోపలి మెట్లున్న ఇంటి మీద ఉండే మోజు వల్ల ఈ దారి వైపు చాలామంది మొగ్గుతారు. ఐదింటిలో నేను వద్దనేది ఇదొక్కటే. గోడకు ద్వారం పెట్టినప్పుడు తీసేది ఇటుక. ఇక్కడ కోసేది ఇనుపకడ్డీలున్న స్లాబు. కడ్డీలు తెగిన చోట చుట్టూ కొత్త బీములు గానీ ఉక్కు ఫ్రేము గానీ పెట్టి పిల్లర్ల మీదికో బీముల మీదికో బరువు చేర్చాలి. దానికి ఇంజినీరు డిజైను, మున్సిపాలిటీ అనుమతి, సంఘం ఒప్పుదల మూడూ కావాలి.

స్థలం లెక్క కూడా చూడండి. అంతస్తుకు అంతస్తుకు మధ్య పదడుగులు ఉంటే ఏడంగుళాల చొప్పున పదిహేడు మెట్ల ఎత్తులు పడతాయి. నేరుగా ఎక్కే మెట్లకు పదమూడు అడుగులకు పైగా పొడవు కావాలి. మధ్యలో మలుపు ఉన్న మెట్లయితే సుమారు ఏడడుగుల వెడల్పు, పదడుగుల పొడవు. అంటే కిందా పైనా కలిపి దాదాపు నూట నలభై చదరపు అడుగులు, ఒక మాదిరి బెడ్‌రూమ్ అంత చోటు, మెట్లకే పోతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారి కోసం ఇల్లు పెంచుకుంటున్నవారు ఈ మెట్లు ఎవరు ఎక్కుతారో కూడా ఆలోచించాలి. పెంట్‌హౌస్‌తో కలిపే ఆలోచన ఉంటే, ఆ పెంట్‌హౌస్‌కు అసలు అనుమతి ఉందో లేదో మొదట తేల్చుకోండి.

అమ్మి పెద్దది కొనడం

రెండు రాష్ట్రాల్లోనూ స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషన్ ఖర్చులన్నీ కలిపి ఆస్తి విలువలో సుమారు 7.5 శాతం. అరవై లక్షల పక్క ఫ్లాటు కొంటే నాలుగున్నర లక్షలు. కోటిన్నర ఇల్లు కొంటే పదకొండు లక్షల పాతికవేలు, దాని మీద బ్రోకరు కమీషను. అయినా భవనం పాతబడి పిల్లర్ల నుంచి కడ్డీలు తుప్పుపట్టి పెచ్చులు ఊడుతున్నచోట, లిఫ్టు లేనిచోట, పార్కింగుకు ఒక్క చోటే ఉన్నచోట ఈ ఖర్చు దండగ కాదు. సంఘంలో పునర్నిర్మాణం మాటలు నడుస్తుంటే పక్క ఫ్లాటు కొనడం మంచిదే, దాంతోపాటు వచ్చే అవిభక్త వాటా లెక్కలోకి వస్తుంది. అందులో ఇంటీరియరుకు మాత్రం డబ్బు తగలేయకండి.

| దారి | భవనానికి ప్రమాదం | తిరిగి విడదీయడం | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|
| విడివిడిగా ఉంచడం | లేదు | అవసరమే రాదు | ఆరోగ్యంగా ఉన్న తల్లిదండ్రులు పక్కనే ఉండేవారికి |
| ఒక్క ద్వారం | ఇటుక గోడైతే తక్కువ | సులువు | ఎక్కువ కుటుంబాలకు, తనఖా ఉన్నవారికి |
| పూర్తిగా కలపడం | మధ్యస్తం | ఖర్చుతో కూడినది | ఒంటి బెడ్‌రూమ్ ఫ్లాట్లవారికి, ఇక్కడే స్థిరపడినవారికి |
| డూప్లెక్స్ | ఎక్కువ | దాదాపు కుదరదు | అరుదుగా ఎవరికైనా |
| అమ్మి కొనడం | లేదు | వర్తించదు | భవనం బలహీనమైనవారికి, మైవాన్ గోడలవారికి |

విదేశాల్లో ఉంటూ ఇక్కడ తల్లిదండ్రుల కోసం కలిపించాలనుకునే పిల్లలకు ఒక మాట. ఫోనులో నడిపే పనికి గోడ పూర్తిగా తీయడం మంచిది కాదు. రోజూ నిలబడి చూసే మనిషి లేనిచోట మేస్త్రీ బీము అంచు చెక్కినా తెలిసేది ప్లాస్టరింగ్ అయ్యాకనే. మొదటి రెండు దారుల్లో ఒకటి ఎంచుకుని మిగిలినది మీరు సెలవుల్లో వచ్చినప్పుడు చూసుకోవచ్చు.

పని మొదలుపెట్టాలని తేల్చుకున్నాక సంఘానికి రాతపూర్వకంగా చెప్పి, ఒప్పుదల పత్రం తీసుకుని, పని గంటలు నిర్ణయించుకోండి. మెయింటెనెన్స్ ఫ్లాటు లెక్కనయితే కలిపాక కూడా రెండు వంతులు కట్టవలసిందే, అడుగు లెక్కనయితే తేడా ఉండదు. కూల్చిన ఇటుక, సిమెంటు చెత్తను ఖాళీ స్థలంలో పోయించకండి. నిర్మాణ వ్యర్థాల నిబంధనలు చిన్న పనులకూ వర్తిస్తాయి, హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లగూడల్లో ఈ వ్యర్థాలను శుద్ధి చేసే కేంద్రాలున్నాయి. ఇవన్నీ పక్క ఫ్లాటు మీ చేతికొచ్చాక చేసేవి. ఇంజినీరు మధ్య గోడను చూడడం మాత్రం బయానా ఇచ్చేముందు జరగాలి. అమ్మేవారు అరగంట తలుపు తీసి ఉంచడానికి అభ్యంతరం చెబితే, ఆ బేరం ఎంత చవకైనా అక్కడితో ఆపేయవచ్చు.